మోర్మన్ ప్రవక్తలు, అమెరికా పడమటి రాజకీయులు

మోర్మన్ మతసంఘం 1830లో అమెరికాలో పుట్టింది. మరుసటి ఏడాది నుంచే పడమటికి జరగడం మొదలుపెట్టింది. వెళ్లిన ప్రతి చోటా అక్కడి గవర్నర్లతో, శాసనసభ్యులతో, న్యాయమూర్తులతో, పౌరసేన అధికారులతో దానికి పని పడింది. ఈ వ్యాసం ఆ లావాదేవీల గురించి. వారి మత విశ్వాసాలు, బహుభార్యాత్వం, వలస ప్రయాణాలు ఇక్కడ అవసరమైనంత మేరకే వస్తాయి.

సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ (1805–1844) వెర్మాంట్‌లో పుట్టి న్యూయార్క్ రాష్ట్రపు పల్లెల్లో పెరిగిన రైతు బిడ్డ. బంగారు రేకుల మీది ప్రాచీన రాతను దైవసహాయంతో అనువదించానని చెప్పి 1830 మార్చిలో ‘మోర్మన్ గ్రంథం’ అచ్చు వేయించాడు. ఏప్రిల్ 6న సంఘాన్ని స్థాపించాడు. తెలుగులో ఈ సంఘం పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’. సభ్యులు తమను తాము ‘పరిశుద్ధులు’ అనుకునేవారు. ‘మోర్మన్లు’ అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు, అదే నిలిచింది.

ఆ కాలపు అమెరికా చరిత్రలో ‘సరిహద్దు’ అంటే రెండు దేశాల మధ్య గీత అనుకోకూడదు. తెల్లవారి కొత్త ఊళ్లు అడవినీ గడ్డి మైదానాన్నీ, అక్కడి ఆదివాసుల నేలనూ ఆక్రమిస్తూ పడమటికి జరిగిపోయే అంచు అది. ఇల్లినాయ్ 1818లో, మిస్సోరీ 1821లో రాష్ట్రాలయ్యాయి. కొత్త కౌంటీ ఏర్పడితే దానికొక ముఖ్యపట్టణం, ఒక కోర్టు, ఒక షెరీఫ్, ఒక పౌరసేన దళం కావాలి. చదువుకున్నవాళ్లు కొద్దిమందే కాబట్టి వకీలు, భూముల వ్యాపారి, శాసనసభ్యుడు, సేనాధికారి తరచూ ఒకే మనిషి. పొద్దున కోర్టులో వాదించినవాడే సాయంత్రం గుర్రమెక్కి దళాన్ని నడుపుతాడు. కొన్ని వందల ఓట్లతో చట్టసభ సీటు చేతులు మారిపోతుంది.

అలాంటి చోటికి ఒకే ప్రవక్త మాట మీద నడిచే జనం వేల సంఖ్యలో వచ్చి దిగారు. వాళ్ల ఓట్లు గంపగుత్తగా పడేవి. తెలుగు పాఠకులకు ఈ మాటను వివరించనక్కర్లేదు. గంపగుత్త ఓటున్నవాడి గుమ్మం ముందు ఎన్నికల వేళ అందరూ చేతులు కట్టుకుని నిలబడతారు. ఫలితం వచ్చాక ఓడినవాడు పగబడతాడు, గెలిచినవాడు రేపటి గురించి భయపడతాడు. మోర్మన్ నాయకుల రాజకీయ భాగ్యాన్ని నిర్ణయించింది వాళ్ల విచిత్ర విశ్వాసాలకన్నా ఎక్కువగా ఈ ఓటే.

మిస్సోరీ

1831లో జోసెఫ్ స్మిత్ తన అనుచరులతో ఒహాయో రాష్ట్రంలోని కర్ట్‌లాండ్‌కు మారాడు. ఆ ఏడాదే మిస్సోరీ పడమటి అంచున, జాక్సన్ కౌంటీలోని ఇండిపెండెన్స్ అనే చిన్న పట్టణం దగ్గర ‘సీయోను’ కట్టమని దైవవాణి పలికిందని ప్రకటించాడు. రెండేళ్లలో అక్కడ వెయ్యికి పైగా మోర్మన్లు స్థిరపడ్డారు. పాత కాపురస్థులు ఎక్కువమంది దక్షిణాది నుంచి వచ్చినవాళ్లు, బానిసల్ని ఉంచుకునే అలవాటున్నవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు ఉత్తరాదివాళ్లు. ఈ నేల దేవుడు మాకిచ్చాడని పైకే అనేవాళ్లు. ఆదివాసులకు తమ గ్రంథంలో పెద్ద స్థానం ఇచ్చేవాళ్లు. 1833 జులైలో సంఘ పత్రిక స్వేచ్ఛ పొందిన నల్లవారు మిస్సోరీకి రావడానికి సంబంధించిన చట్టాల గురించి ఒక వ్యాసం వేసింది. వాళ్లను పిలుస్తున్నారని పుకారు లేచింది. జులై 20న జనం గుమిగూడి ముద్రణశాలను పడగొట్టి, బిషప్ ఎడ్వర్డ్ పార్ట్‌రిడ్జ్ ఒంటికి తారు పూసి పక్షి ఈకలు అంటించారు. నవంబరు నాటికి మోర్మన్లను మిస్సోరీ నది దాటించి క్లే కౌంటీలోకి తరిమేశారు. రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నరు లిల్బర్న్ బాగ్స్ ఇల్లు ఇండిపెండెన్స్‌లోనే ఉంది.

గవర్నరు డేనియల్ డంక్లిన్ మోర్మన్ల అర్జీకి మర్యాదగా జవాబిచ్చాడు. చట్టం మీ వైపే ఉంది, కోర్టుకు వెళ్లండన్నాడు. కోర్టు ఉన్నది తరిమినవాళ్ల ఊళ్లోనే. 1834లో స్మిత్ ఒహాయో నుంచి దాదాపు 200 మంది సాయుధులతో వచ్చాడు. గవర్నరు పౌరసేనను తోడు పంపితే జనాన్ని తిరిగి ఇళ్లకు చేర్చవచ్చన్నది ఆశ. గవర్నరు వెనక్కి తగ్గాడు. దండులో కలరా పుట్టింది. చివరికి అది చెదిరిపోయింది.

ఈ దశలో మోర్మన్లకు దొరికిన నిఖార్సయిన స్నేహితుడు అలెగ్జాండర్ డానిఫన్. క్లే కౌంటీ వకీలు. మోర్మన్లు వెయ్యి డాలర్లకు కుదుర్చుకున్న నలుగురు న్యాయవాదుల్లో ఒకడు. మరొకడైన డేవిడ్ అచిసన్ తరవాతి కాలంలో సెనేటర్ అయ్యాడు. క్లే కౌంటీ కూడా వీళ్లను ఇక ఉంచుకోలేమన్నప్పుడు, శాసనసభ్యుడిగా ఉన్న డానిఫన్ పూనుకుని 1836 డిసెంబరులో మోర్మన్ల కోసమే కాల్డ్‌వెల్ అనే కొత్త కౌంటీ ఏర్పాటు చేయించాడు. వాళ్లు ఆ కౌంటీ దాటి రారన్నది అందరి మనసులోనూ ఉన్న ఒప్పందం, కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు. పెద్దమనుషుల మధ్య నోటిమాటగా ఉండిపోయే ఒప్పందాలకు పట్టే గతే దానికీ పట్టింది. జనం పెరిగారు, పొరుగు కౌంటీలకు పాకారు.

1838 ఆగస్టు 6న, ఎన్నికల రోజు, డేవిస్ కౌంటీలోని గాలటిన్‌లో ఓటు వేయడానికి వచ్చిన మోర్మన్లను జనం అడ్డుకున్నారు. అభ్యర్థి విలియం పెనిస్టన్ స్వయంగా పీపా ఎక్కి, వీళ్లను ఓటు వేయనిస్తే మీ హక్కులు పోయినట్టేనని రెచ్చగొట్టాడు. కర్రలు లేచాయి. ‘మోర్మన్ యుద్ధం’ అని మిస్సోరీ చరిత్ర పిలిచేది ఆ ఓటు దగ్గరే మొదలైంది.

తప్పు ఒక వైపే లేదు. అదే ఏడాది జులై 4 సభలో స్మిత్‌కు కుడిభుజమైన సిడ్నీ రిగ్డన్, ఇక మా మీద పడితే అది నిర్మూలన యుద్ధమే అవుతుందని గర్జించాడు. డానైట్లు అనే రహస్య దళం సంఘం లోపలి అసమ్మతివాదుల్ని బెదిరించి ఊరు వదిలించింది. అక్టోబరులో మోర్మన్ దళాలు గాలటిన్‌ను దోచి తగలబెట్టాయి. అప్పటికి గవర్నరైన బాగ్స్ అక్టోబరు 27న 44వ నంబరు ఉత్తర్వు జారీ చేశాడు: మోర్మన్లను శత్రువులుగా చూడాలి, నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుంచి వెళ్లగొట్టాలి. రిగ్డన్ నోట వచ్చిన మాట నాలుగు నెలలు తిరక్కుండా ప్రభుత్వ ముద్రతో తిరిగొచ్చింది. మూడు రోజులకు హాన్స్ మిల్ అనే పల్లెలో 17 మంది మోర్మన్లను చంపారు.

కాల్డ్‌వెల్ కౌంటీలో మోర్మన్ల పట్టణమైన ఫార్ వెస్ట్ లొంగిపోయింది. జనరల్ శామ్యూల్ లూకస్ అప్పటికప్పుడు సైనిక విచారణ జరిపించి, స్మిత్‌నూ తోటి నాయకుల్నీ మర్నాటి ఉదయం పట్టణ చౌకులో కాల్చేయమని బ్రిగేడియర్ హోదాలో ఉన్న డానిఫన్‌కు ఆజ్ఞ ఇచ్చాడు. సైనికులు కానివాళ్లకు సైనిక విచారణ ఏమిటన్నాడు డానిఫన్. ఇది హత్య, నేను చేయను, నా దళాన్ని తీసుకుని వెళ్లిపోతున్నాను, నువ్వు చేస్తే కోర్టుకు ఈడుస్తానని జవాబు రాశాడు. లూకస్ వెనక్కి తగ్గాడు. పై అధికారి ఆజ్ఞను అంత సూటిగా ధిక్కరించినా డానిఫన్‌కు శిక్ష పడలేదు. సరిహద్దు పౌరసేనలో క్రమశిక్షణ ఎంత వదులుగా ఉండేదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ వదులే ఈసారి ప్రాణాలు కాపాడింది.

స్మిత్ లిబర్టీ పట్టణంలోని జైలులో చలికాలమంతా గడిపి, 1839 ఏప్రిల్‌లో మరో చోటికి తరలిస్తుండగా కాపలావాళ్లు చూసీచూడనట్టు ఊరుకోవడంతో తప్పించుకున్నాడు. ఈలోగా వేలమంది కట్టుకున్న ఇళ్లు వదిలి మిసిసిపీ నది దాటి ఇల్లినాయ్ చేరారు. బాగ్స్ ఉత్తర్వును 1976లో గవర్నరు క్రిస్టఫర్ బాండ్ అధికారికంగా రద్దు చేశాడు.

అధ్యక్షుడి గుమ్మం

పోయిన ఆస్తులకు పరిహారం అడగడానికి స్మిత్ 1839 నవంబరులో వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ను కలిశాడు. అక్కడ విన్న జవాబును మోర్మన్లు ఇప్పటికీ మరిచిపోలేదు. మీ పక్షాన న్యాయం ఉంది కాని నేను చేయగలిగింది లేదు, మీ వైపు మాట్లాడితే మిస్సోరీ ఓట్లు పోతాయని అధ్యక్షుడు అన్నట్టు స్మిత్ పక్షం రాసి పెట్టుకుంది. సెనేట్ కమిటీ కూడా మిస్సోరీ కోర్టులకే వెళ్లమంది.

న్యాయశాస్త్రం ప్రకారం చూస్తే ఆ జవాబు తప్పు కాదు. రాజ్యాంగంలోని పౌరహక్కుల సవరణలు కేంద్రాన్నే కట్టడి చేస్తాయి, రాష్ట్రాలను కావని సుప్రీంకోర్టు 1833లో తేల్చింది. రాష్ట్రం హక్కులు తొక్కేస్తే కేంద్రాన్ని ఆశ్రయించే దారి 1868 నాటి 14వ సవరణతో గాని మొదలుకాలేదు. స్మిత్ మాత్రం వేరే పాఠం నేర్చుకుని ఇంటికి వెళ్లాడు: ఓట్లే తమకు రక్షణ.

నావూ

ఇల్లినాయ్ మొదట ఆదరించింది. క్విన్సీ పట్టణ ప్రజలు కాందిశీకులకు ఇళ్లలో చోటిచ్చారు, పని ఇచ్చారు. దానిలో దయ నిజంగానే ఉంది. 1840 ఎన్నికలు దగ్గర పడుతున్నాయన్నది కూడా నిజమే. ఇల్లినాయ్ రాజ్యాంగం ప్రకారం ఆరు నెలలు నివాసముంటే చాలు, 21 ఏళ్లు నిండిన తెల్ల మగవాడికి ఓటుంది. పౌరసత్వం కూడా అక్కర్లేదు. ఇంగ్లండులో మతం పుచ్చుకున్నవాళ్లు ఓడల మీద వచ్చి దిగుతున్నారు. మిసిసిపీ మలుపులో బురద నేల మీద స్మిత్ కట్టిన నావూ నాలుగైదేళ్లలో పది వేల జనాభా దాటి, రాష్ట్రంలో షికాగోకు పోటీ వచ్చే పట్టణమైంది.

విగ్‌లు, డెమోక్రాట్లు రెండు పార్టీలూ బుట్టలు పట్టుకుని వచ్చాయి. ఈ మంతనాలు నడిపింది జాన్ బెన్నెట్. వైద్యుడు, మాటకారి, సంఘంలో చేరి నెలలు కాకముందే ప్రవక్తకు ఆంతరంగికుడైనవాడు. 1840 డిసెంబరులో అతను రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తిరిగి నావూ నగర చార్టరును దాదాపు చర్చే లేకుండా ఆమోదింపజేశాడు. నగర కోర్టుకు హెబియస్ కార్పస్ అధికారం (అరెస్టు చెల్లదని తేల్చి మనిషిని విడిపించే అధికారం), సొంత విశ్వవిద్యాలయం, సొంత పౌరసేన అన్నీ అందులో ఉన్నాయి. ‘నావూ లీజియన్’ అనే ఆ సేనకు స్మిత్ లెఫ్టినెంట్ జనరల్ అయ్యాడు.

అప్పుడు శాసనసభలో ఉన్న 31 ఏళ్ల విగ్ సభ్యుడు అబ్రహాం లింకన్. కొద్ది వారాల ముందు అధ్యక్ష ఎన్నికల్లో మోర్మన్లు మొత్తం మీద విగ్‌లకే ఓటు వేసినా, డెమోక్రాట్లను కూడా కాస్త సంతోషపెడదామని దాదాపు 200 మంది ఓటుచీటీలో చివరి ఎలక్టరు పేరు కొట్టేసి డెమోక్రాట్ పేరు రాశారు. కొట్టేసిన పేరు లింకన్‌ది. అయినా చార్టరుకు ఓటు వేసి, వచ్చి బెన్నెట్‌ను అభినందించి వెళ్లాడట. ఈ సంగతి బెన్నెట్టే రాశాడు. లింకన్ సహనానికి ఉదాహరణగా దీన్ని చెబుతారు. 200 ఓట్లను మళ్లీ గెలుచుకోవాలనుకునే రాజకీయుడి లెక్కగా చూసినా అంతే బాగా కుదురుతుంది.

స్టీఫెన్ డగ్లస్ ఇంకా తెలివైనవాడు. పొట్టి మనిషి, ఎదగాలన్న ఆరాటం నిలువెత్తు. 1841లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నావూ ఉన్న ప్రాంతానికే సర్క్యూట్ జడ్జి అయ్యాడు. వెంటనే బెన్నెట్‌కు కోర్టులో ఒక పదవి ఇచ్చాడు. జూన్‌లో మిస్సోరీ పాత వారంటు మీద స్మిత్ అరెస్టయి మన్‌మత్ కోర్టుకు వచ్చాడు. విగ్ నాయకుడు ఆర్విల్ బ్రౌనింగ్ స్మిత్ తరపున వాదించాడు. మిస్సోరీ నుంచి మంచులో నడిచి వచ్చినవాళ్ల నెత్తుటి అడుగుల్ని క్విన్సీలో తన కళ్లతో చూశానని చెప్పి కోర్టు హాలును కంటతడి పెట్టించాడు. డగ్లస్ ఆ వారంటు చెల్లదన్న సాంకేతిక కారణంతో స్మిత్‌ను వదిలేశాడు. ఆ డిసెంబరులో స్మిత్ సంఘ పత్రికకు బహిరంగ లేఖ రాశాడు: విగ్‌లైనా డెమోక్రాట్లైనా మాకొకటే, మాకు మేలు చేసినవాళ్లకే మా ఓటు. మేలు చేసినవాడిగా డగ్లస్‌ను పేరు పెట్టి పొగిడాడు. ఇంతదాకా లోపాయికారీగా సాగింది ఇప్పుడు అచ్చులోకి ఎక్కింది. విగ్ పత్రికలు భగ్గుమన్నాయి.

1842 గవర్నరు ఎన్నికల్లో విగ్ అభ్యర్థి జోసెఫ్ డంకన్ నావూ చార్టరునే ప్రధాన ప్రచారాంశం చేసుకున్నాడు. గెలిచింది డెమోక్రాట్ థామస్ ఫోర్డ్. మోర్మన్ ఓట్లు అతనికే పడ్డాయి. గద్దె ఎక్కగానే అతను కూడా చార్టరును సవరించాలనే అన్నాడు.

ఆ ఎన్నికలకు ముందే, 1842 మే 6న, ఇండిపెండెన్స్‌లో మాజీ గవర్నరు బాగ్స్‌ను ఇంటి కిటికీ లోంచి ఎవరో కాల్చారు. బతికాడు. స్మిత్ అంగరక్షకుడు పోర్టర్ రాక్‌వెల్ మీద అనుమానం పడింది గాని, ఆ నేరం అతని మీద ఎన్నడూ రుజువు కాలేదు. ఇదే సమయంలో బెన్నెట్ సంఘం నుంచి వెలివేతకు గురై, లోపలి రహస్యాలంటూ పత్రికలకెక్కాడు. మిస్సోరీ మళ్లీ స్మిత్‌ను అప్పగించమంది. 1843 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఫెడరల్ కోర్టులో విచారణ జరిగింది. న్యాయమూర్తి పేరు నథానియల్ పోప్. చోటు చాలక పట్టణపు స్త్రీలు న్యాయమూర్తికి ఇరువైపులా కూర్చున్నారు. వాళ్లలో కొత్త పెళ్లికూతురు మేరీ లింకన్ ఉందంటారు. వకీలు జస్టిన్ బటర్‌ఫీల్డ్ లేచి, పోపు ఎదుట, దేవదూతల నడుమ, ప్రవక్త తరపున వాదించే భాగ్యం నాకు దక్కిందని నవ్వించాడు. కాల్పుల రోజున స్మిత్ ఇల్లినాయ్‌లోనే ఉన్నాడు కాబట్టి అతను మిస్సోరీ నుంచి పారిపోయిన నేరస్థుడు కాడని పోప్ కేసు కొట్టేశాడు.

అసలు పతనం 1843 వేసవిలో మొదలైంది. జూన్‌లో డిక్సన్ పట్టణం దగ్గర మిస్సోరీ షెరీఫ్ స్మిత్‌ను పట్టుకున్నాడు. దగ్గరలో ప్రచారం చేసుకుంటున్న విగ్ కాంగ్రెస్ అభ్యర్థి సైరస్ వాకర్ పేరుమోసిన క్రిమినల్ లాయరు. కేసు తీసుకోవాలంటే నీ ఓటు నాకు వేస్తానని మాటివ్వాలన్నాడు. స్మిత్ మాటిచ్చాడు. ఆ మాటతో నావూ మొత్తం తన జేబులో పడిందని వాకర్ మురిసిపోయాడు. నావూ నగర కోర్టు స్మిత్‌ను వదిలేసింది. ఆ అధికారం నగర కోర్టుకు ఉందని వాకర్‌తోపాటు అతని ప్రత్యర్థి, డెమోక్రాట్ జోసెఫ్ హోగ్ కూడా నావూ సభలోనే ఒప్పుకున్నాడు. న్యాయం తెలిసిన ఇద్దరు లాయర్లు ఓట్ల కోసం న్యాయానికి ఇచ్చిన ధర అది.

స్మిత్ కోసం మళ్లీ పౌరసేన వస్తుందా అన్నది అప్పటి భయం. డెమోక్రాట్లకు ఓటు వేస్తే గవర్నరు సేనను పంపడన్న కబురు రాజధాని నుంచి నావూ చేరింది. తాను ఊళ్లో లేనప్పుడు తన పేరు మీద ఎవరో ఆ హామీ ఇచ్చారని ఫోర్డ్ తరవాత రాసుకున్నాడు. పోలింగుకు రెండు రోజుల ముందు జోసెఫ్ అన్న హైరమ్ స్మిత్ సభలో లేచి, హోగ్‌కు ఓటు వేయాలని తనకు దైవం తెలిపిందన్నాడు. మర్నాడు జోసెఫ్ వేదికెక్కాడు. నా ఒక్క ఓటు వాకర్‌కే, మాటిచ్చాను కాబట్టి. రాజకీయాల గురించి నాకే వెలుగూ రాలేదు. కాని అన్న హైరమ్ ఎన్నడూ అబద్ధమాడడు. సోమవారం నావూ గంపగుత్తగా హోగ్‌కు ఓటు వేసింది. కొన్ని వందల ఓట్ల తేడాతో హోగ్ గెలిచాడు. మాట తప్పకుండా మోసం చేయడం ఎలాగో ఇంత నేర్పుగా చూపినవాళ్లు అరుదు. కాని దాని ఖరీదు పెద్దది. విగ్‌లు శత్రువులయ్యారు. వచ్చే ఏడాది ఇదే వాత తమకూ పడవచ్చని డెమోక్రాట్లకు అర్థమైంది. రెండు పార్టీలతో ఆడుకోగలిగినవాడిని రెండు పార్టీలూ నమ్మవు.

ఆ నవంబరులో స్మిత్ అధ్యక్ష పదవిని ఆశిస్తున్న ఐదుగురికి, అంటే కాల్హూన్, క్లే, కాస్, రిచర్డ్ జాన్సన్, వాన్ బ్యూరెన్‌లకు, మా విషయంలో మీ విధానమేమిటని లేఖలు రాశాడు. వచ్చిన జవాబులు తప్పించుకునేవే. 1844 జనవరి 29న తానే పోటీకి దిగాడు. అతని ప్రణాళికను పిచ్చివాడి పత్రమని కొట్టేయడానికి లేదు. ప్రభుత్వ భూములు అమ్మి వచ్చిన డబ్బుతో యజమానులకు పరిహారమిచ్చి 1850కల్లా బానిసలందరినీ విడిపించాలన్నాడు. జైళ్లను సంస్కరించాలని, కాంగ్రెస్ సభ్యుల సంఖ్యా జీతాలూ తగ్గించాలని, జాతీయ బ్యాంకు పెట్టాలని, రాష్ట్రం కోరకపోయినా అల్లర్లు అణచడానికి అధ్యక్షుడికి సైన్యం పంపే అధికారం ఉండాలని కూడా అన్నాడు. ఈ చివరిదాని మీద మిస్సోరీ మచ్చ కనిపిస్తూనే ఉంది. 300 మందికి పైగా ప్రచారకులు దేశం మీదికి వెళ్లారు. మార్చిలో ‘యాభై మంది సభ’ అనే రహస్య మండలి ఏర్పడింది. పడమటి నేలను కాపాడటానికి లక్షమంది స్వచ్ఛంద సైనికుల్ని సమీకరించే అనుమతి కావాలని స్మిత్ కాంగ్రెస్‌కు అర్జీ పెట్టాడు. ఆ పని మీద వాషింగ్టన్ వెళ్లిన దూతకు, అప్పటికి కాంగ్రెస్ సభ్యుడైన డగ్లస్ ఆరెగాన్ పటాన్నీ పడమటి అన్వేషకుడు ఫ్రీమాంట్ యాత్రా నివేదికనూ ఇచ్చి పంపాడు. మోర్మన్లు ఊరు విడిచి దూరంగా పోతే అందరికీ మంచిదని అతనికి అప్పటికే తోచినట్టుంది.

కార్తేజ్

1844 జూన్ 7న సంఘం నుంచి విడిపోయిన కొందరు ‘నావూ ఎక్స్‌పాజిటర్’ పత్రిక ఒకే ఒక్క సంచిక తెచ్చారు. ప్రవక్త రహస్య బహుభార్యాత్వాన్నీ, మతమూ ప్రభుత్వమూ ఒకే చేతిలో ఉండటాన్నీ బయటపెట్టారు. నగర పాలకమండలి దాన్ని ప్రజాకంటకంగా తీర్మానించింది. మేయరైన స్మిత్ ఆజ్ఞతో 10వ తేదీన ముద్రణ యంత్రాన్ని పగలగొట్టారు. పదకొండేళ్ల కిందట ఇండిపెండెన్స్‌లో తమకు జరిగిందే తాము చేశారు. అందులోని పోలిక అప్పుడు వాళ్ల కంటికి ఆనలేదు. ప్రాంతమంతా ఆయుధాలు పట్టింది.

గవర్నరు ఫోర్డ్ కౌంటీ ముఖ్యపట్టణం కార్తేజ్‌కు వచ్చి, లొంగిపోతే ప్రాణానికి హామీ అన్నాడు. స్మిత్ లొంగిపోయాడు. 27న ఫోర్డ్ జైలు కాపలాను స్మిత్ మీద పగతో రగిలే స్థానిక దళానికే అప్పగించి తాను నావూ వెళ్లి ఉపన్యాసమిచ్చాడు. ఆ సాయంత్రం ముఖాలకు నలుపు పూసుకున్న గుంపు జైలు మీద పడి జోసెఫ్‌నూ హైరమ్‌నూ కాల్చి చంపింది. జోసెఫ్ వయసు 38. అధ్యక్ష పదవికి పోటీలో ఉండగా హత్యకు గురైన తొలి అమెరికన్ అతను. ఫోర్డ్ కుట్రలో భాగస్వామి అనడానికి ఆధారం లేదు. బలహీనుడు, అంతే. చరిత్రలో తనకు పొంతి పిలాతు పక్కన చోటు దక్కుతుందేమోనన్న దిగులు అతను రాసిన ఇల్లినాయ్ చరిత్రలో కనిపిస్తుంది. ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి అతను లేడు.

1845 మేలో ఐదుగురి మీద హత్య విచారణ జరిగింది. వాళ్లలో వార్సా పట్టణపు పత్రికా సంపాదకుడు థామస్ షార్ప్, రాష్ట్ర సెనేటర్ జేకబ్ డేవిస్ ఉన్నారు. ముద్దాయిల తరపు వకీలు ఆర్విల్ బ్రౌనింగ్, నాలుగేళ్ల కిందట నెత్తుటి అడుగుల గురించి చెప్పి కంటతడి పెట్టించిన బ్రౌనింగే. అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. డేవిస్ తరవాత వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యుడు కూడా అయ్యాడు.

నావూ చార్టరు 1845 జనవరిలోనే రద్దయింది. శరదృతువులో పల్లెల్లో మోర్మన్ల ఇళ్లు తగలబడుతుంటే, జనరల్ జాన్ హార్డిన్‌తో కలిసి డగ్లస్ మళ్లీ వచ్చాడు. ఈసారి పని, వచ్చే వసంతంలో రాష్ట్రం విడిచి వెళ్తామని మోర్మన్ల చేత ఒప్పించడం.

యూటా

కొత్త నాయకుడు బ్రిగమ్ యంగ్ వడ్రంగి, కార్యదక్షుడు. రాజకీయులను ప్రేమించాలనీ ద్వేషించాలనీ అనుకోలేదు, వాడుకున్నాడు. 1846 ఫిబ్రవరిలో జనం నది దాటి బయలుదేరారు. చేతిలో డబ్బు లేదు. అదే ఏడాది మెక్సికోతో యుద్ధం వచ్చింది. ఫిలడెల్ఫియా యువకుడు థామస్ కేన్ అధ్యక్షుడు పోక్ దగ్గరికి దారి చూపగా, దాదాపు 500 మందితో ‘మోర్మన్ బెటాలియన్’ ఏర్పడింది. బట్టల కోసం తలకు 42 డాలర్లు ముందే ఇచ్చారు. సైనికులు ఉన్న బట్టలతోనే నడిచి, ఆ డబ్బులో ఎక్కువ భాగం బళ్లకూ గింజలకూ పంపారు. వాళ్లు సాంటా ఫే చేరినప్పుడు అక్కడ దళపతిగా ఉన్నది డానిఫన్. తుపాకులతో వందనం చేయించాడని మోర్మన్ కథనాలు ఇప్పటికీ చెప్పుకుంటాయి.

1847 జులైలో యంగ్ సాల్ట్ లేక్ లోయ చేరాడు. 1850లో ఆ ప్రాంతం యూటా పేరుతో కేంద్రపాలిత భూభాగమైంది. అధ్యక్షుడు ఫిల్మోర్ యంగ్‌నే గవర్నరుగా నియమించాడు. కృతజ్ఞతగా ఒక కౌంటీకి మిల్లర్డ్ అనీ, దాని ముఖ్యపట్టణానికి ఫిల్మోర్ అనీ పేరు పెట్టారు. 1852లో సంఘం బహుభార్యాత్వాన్ని బాహాటంగా ప్రకటించగానే పాత మిత్రులకు చిక్కొచ్చిపడింది. అందరికన్నా ఎక్కువ చిక్కు డగ్లస్‌కు. బానిసత్వం ఉండాలా వద్దా అన్నది ఆయా భూభాగాల ప్రజలే తేల్చుకోవాలన్నది అతని సిద్ధాంతం. అలాగైతే బహుభార్యాత్వం మాటేమిటని రిపబ్లికన్లు ఎగతాళి చేశారు. 1857 జూన్‌లో డగ్లస్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మోర్మన్ మతాన్ని దేశ శరీరం మీది పుండుతో పోల్చి, కోసి పారేయాలన్నాడు. యూటా భూభాగాన్ని ఏర్పరచిన చట్టాన్నే రద్దు చేయమన్నాడు. రెండు వారాలకు లింకన్ అదే ఊళ్లో లేచి, డగ్లస్ తన సిద్ధాంతాన్ని తానే మింగుతున్నాడని దెప్పాడు. 1843లో స్మిత్ ఒక భోజనం వేళ డగ్లస్‌తో, నువ్వు అధ్యక్ష పదవిని ఆశిస్తావు, మా మీద చెయ్యెత్తితే దేవుడి చేతి బరువు తెలుస్తుందని అన్నాడని మోర్మన్ పత్రిక ఆ సందర్భంలో ప్రచురించింది. 1860లో డగ్లస్ ఓడిపోయాడు. ఆ ఓటమికి బానిసత్వం ప్రశ్న మీద పార్టీ రెండుగా చీలడం చాలు, జోస్యం అక్కర్లేదు. మోర్మన్ ఇళ్లలో మాత్రం వేరేగా చెప్పుకున్నారు.

అధ్యక్షుడు బుకానన్ 1857లో యంగ్‌ను తప్పించి, కొత్త గవర్నరు ఆల్‌ఫ్రెడ్ కమ్మింగ్‌ను సైన్యంతో పంపాడు. సైన్యం వస్తోందన్న భయోన్మాదంలోనే సెప్టెంబరు 11న దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్ దగ్గర స్థానిక మోర్మన్ దళం కాలిఫోర్నియా వెళ్తున్న దాదాపు 120 మంది ప్రయాణికుల్ని చంపింది. సంఘ చరిత్రలో చెరగని మచ్చ అది. శిక్ష పడింది జాన్ లీ అనే ఒక్కడికి, అది 1877లో అమలైంది. సైన్యానికీ యంగ్‌కూ మధ్య రాజీ కుదిర్చింది మళ్లీ థామస్ కేనే. పనామా మీదుగా సముద్రం చుట్టి వచ్చి మరీ కుదిర్చాడు.

లింకన్ 1861 నవంబరులో కాంగ్రెస్ గ్రంథాలయం నుంచి మోర్మన్ గ్రంథం తెప్పించుకున్నాడు. 1862 జులైలో బహుభార్యాత్వ నిషేధ చట్టం మీద సంతకం పెట్టి, దాన్ని అమలు చేయకుండా ఊరుకున్నాడు. చిన్నప్పుడు పొలంలో కదలనంత బరువు, కాలనంత పచ్చి మొద్దు అడ్డొస్తే దాని చుట్టూ దున్నుకుపోయేవాళ్లం, యంగ్ నన్ను వదిలేస్తే నేనూ అతన్ని వదిలేస్తానని 1863లో ఒక మోర్మన్ ప్రతినిధితో కబురంపాడు. ఈ మొత్తం చరిత్రలో మోర్మన్లు పూర్తిగా నమ్మి, నష్టపోని రాజకీయ ఒప్పందం బహుశా ఇదొక్కటే.

లింకన్ తరవాత చట్టాలు బిగిశాయి. 1890లో సంఘం కొత్త బహుభార్యా వివాహాలను ఆపేసింది. అయినా రాష్ట్ర హోదాకు ఇంకొక అడ్డంకి మిగిలింది. యూటాలో మోర్మన్ల ఓట్లన్నీ ‘పీపుల్స్ పార్టీ’ అనే సొంత పార్టీకే పడేవి. 1891లో నాయకులు ఆ పార్టీని రద్దు చేసి, జనాన్ని రిపబ్లికన్లుగా, డెమోక్రాట్లుగా చీలిపొమ్మని ప్రోత్సహించారు. గంపను తామే విప్పేశారు. 1896 జనవరి 4న యూటా 45వ రాష్ట్రమైంది.